మడమ లేని బూటు

మొహమాటానికి పోతే కడుపైందని సామెత. చర్చికి వెళ్లే మనిషివి, ఆ మాటలేమిటని మా ఆయన జ్ఞానదాసు కోప్పడతాడు. కోప్పడనీ. ఆ సామెత మా గాజువాక రన్నర్ల కోసమే పుట్టిందని నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను.

నా పేరు ఇవాంజలిన్. దువ్వాడలో ఒక కాలేజీలో పిల్లలకు ఆటలు నేర్పుతాను. పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే గుంపు ఒకటుంది మాకు. దానికి పెద్ద సన్యాసిరాజు గారు, ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన మనిషి. అందరికంటే చిన్నది మహీన్, ఇక్కడి పాతబస్తీలో బట్టలు కుట్టే నజీర్ అహ్మద్ గారి కూతురు. నేనూ మా ఆయనా, మిగతా అందరమూ షుగరూ బీపీ తగ్గడానికి పరుగెత్తుతాం. ఆ పిల్ల గెలవడానికి పరుగెత్తుతుంది. ఆ నెలాఖరు ఆదివారం జరిగే హాఫ్ మారథాన్‌లో మొదట వచ్చినమ్మాయికి రాష్ట్ర జట్టులో చోటు. పోయిన ఏడాది ఇదే పందెంలో పిక్క కండ చిరిగి మహీన్ సగం దారిలో కూలబడింది. మళ్లీ చిరిగితే ఇక పరుగు మరిచిపొమ్మని డాక్టరు తేల్చి చెప్పాడు.

అలాంటి సమయంలో దిగాడు సుమంత్. ఆనందపురం కుర్రాడు, బెంగళూరులో ఏదో బూట్ల కంపెనీలో చేస్తున్నాడు. వాడు తెచ్చిన బూటు చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు భాగం కింద అరచేతి మందాన మెత్తటి ఫోమ్. మడమ కింద ఏమీ లేదు, ఖాళీ. మడమ నేలకు తగిలితే వేగం తగ్గుతుంది కాబట్టి మడమే తీసేశామన్నాడు. కొన్నాళ్లు వీటితో పరుగెత్తి ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి, మీరు బాగుందంటే మహీన్ పందెంలో ఇవే వేసుకుంటుంది, కంపెనీ వీడియో తీస్తుందన్నాడు. అప్పటికి వచ్చినవి మగవాళ్ల సైజులే. ఆడవాళ్లవి తర్వాత వస్తాయట. ఆడదాని పాదం ఎప్పుడూ తర్వాతే కదా.

ఆ బూట్లతో పరుగెత్తి వారం తిరక్కుండానే మా ఆయన మెట్లు దిగడానికి గోడ పట్టుకోవడం మొదలెట్టాడు.

"ఎక్కినప్పుడు బాగానే ఉంటందే. దిగినప్పుడే, మడమ కిందకి జారిపోయి పిక్క లాగేత్తంది," అన్నాడు. వేడినీళ్లలో ఉప్పేసి కాపడం పెట్టింది నేనే. సన్యాసిరాజు గారి భార్య సీతాలు గారు ఫోన్ చేసి, ఆయన కాలికి మందు రాసి రాసి తన చేతులు పడిపోతున్నాయన్నారు. అంటే నిజం ఇంటింటా తెలుసు. బయట పెట్టే నోరే లేదు.

అభిప్రాయాలు చెప్పే రోజున సుమంత్ వాళ్లమ్మ పంపిందని వంకాయలు తెచ్చి తలా ఒక సంచి పంచాడు. లేత వంకాయలు, పొలంలోంచి అప్పుడే కోసినవి. మావయ్యా, బాబాయ్ అని వరసలు కలిపాడు. కుర్రాడు మంచివాడే, నాకేం పగ లేదు. కానీ ఆ వంకాయలు ఒళ్లో పెట్టుకుని మా వీరులు చెప్పిన తీర్పులు వినాలి.

"బాగుంది బాబూ. గాల్లో తేలినట్టుంది," అన్నారు సన్యాసిరాజు గారు.

"నాకూ బాగుంది," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏటి బాగుంది? రాత్రి కాపడం పెట్టించుకున్నది ఎవులు?" అన్నాను అందరి ముందూ.

"అది మెట్టు తప్పితే బెణికిందే," అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా. కట్టుకున్నవాడు, బైబిలు చదివేవాడు, ఒక బూటు కోసం అబద్ధమాడాడు.

ఇంటికొచ్చాక కడిగేశాను. ఆయన చెప్పిన జవాబేమిటో తెలుసా? "మనూరి కుర్రోడే. ఉద్యోగం పోద్దేమో. మన మాటతో ఒకడి నోటికాడ కూడు తియ్యడం ఎందుకు?"

మరి మహీన్ కాలు? అది ఎవరి నోటికాడ కూడు? ఆ ప్రశ్నకి మాత్రం దుప్పటి కప్పుకున్నాడు.

ఆడవాళ్ల సైజు జత రానే వచ్చింది. పందేనికి ముందు శుక్రవారం పొద్దున్న మహీన్ వాటిని మొదటిసారి వేసుకుంటానంది. రాస్ హిల్ చర్చి దగ్గర కలుద్దామన్నాను. కావాలనే ఆ చోటు చెప్పాను. ఆ కొండ దారి నిట్టనిలువుగా ఉంటుంది. సన్యాసిరాజు గారు, సుమంత్, మా ఆయన అందరూ వచ్చారు. మహీన్ కొత్త బూట్లు చేత్తో పట్టుకుని నిలబడింది.

"వేసుకోకమ్మా, దిగుడులో పిక్క లాగేస్తాయి," అన్నాను.

"అంకుల్ వాళ్లందరూ బాగుందన్నారు గదా ఆంటీ," అంది.

"అయితే ముందు అంకుల్ దిగి సూపిత్తారు," అని సన్యాసిరాజు గారి వైపు తిరిగాను. "మీ జత కాళ్లకే ఉంది గదా. ఒక్కసారి కిందికి పరుగెత్తండి."

నిజం ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఎవరిస్తారు? ఆ మహానుభావుడు కాలు విరిగినా మాట విరగకూడదనుకున్నాడు. పరుగెత్తాడు. మలుపు దాకా వెళ్లేసరికే ఒక కాలు ఈడ్చడం మొదలైంది. తిరిగొచ్చేటప్పుడు గోడ పట్టుకుని, మొహమంతా చెమటతో, పళ్లు బిగించి వచ్చాడు.

"బాగుందమ్మా. ఏసుకో," అన్నాడు.

ఆ మనిషిని అక్కడే పట్టుకుని కుదిపేయాలనిపించింది. పెద్దవాడని ఆగాను. మహీన్ ఆయన కాలినే చూస్తోంది. ఉన్నట్టుండి సుమంత్ వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు వేసుకున్నావా ఇవి?"

సుమంత్ ఫోన్ తీసి చూసుకోబోయాడు. మహీన్ మళ్లీ అడిగింది.

"ఏసుకున్నాను సెల్లీ," అన్నాడు చివరికి. "నాకు మొదటిరోజే పిక్క పట్టేసింది. ఆపేశాను. వీళ్లందరూ బాగుందంటంటే నా కాలే మంచిది కాదేమో అనుకున్నాను. ఆఫీసుకీ బూటు బాగుందనే రాసేశాను."

సన్యాసిరాజు గారు ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేసి, ఎంతో జాలిగా, "నొప్పని ముందే సెప్పొచ్చు గదా బాబూ. అప్పుడు నాను మటుకు బాగుందంటానా? నీ మనసు నొచ్చుకుంటాదనే గదా అలాగన్నాను," అన్నారు.

"నాకూ నొప్పే," అన్నాడు మా ఆయన, ఏదో ప్రార్థనలో ఆమెన్ అన్నట్టు.

ముగ్గురికీ ఒక్కసారిగా గుండె బరువు దిగిపోయింది. ఒకళ్ల పిక్కలు ఒకళ్లు చూపించుకుంటూ, ఎక్కడ లాగుతోందో చెప్పుకుంటూ, చిన్నగా నవ్వుకున్నారు కూడా. నేను తిట్టడానికి నోరు తెరిచాను. అంతకంటే ముందే మహీన్ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఆదివారం నా కాలు చిరిగితే, ఆసుపత్రికొచ్చి ఏటి సెప్పేవారు అంకుల్? బూటు బాగుందనేనా?"

సన్యాసిరాజు గారు సుమంత్ భుజం మీంచి చెయ్యి తీసేసుకున్నారు.

మహీన్ కొత్త బూట్లు సుమంత్ చేతిలో పెట్టింది. వంగి, కాళ్లకున్న తన బూట్ల లేసులు బిగించుకుంది. రోజూ సన్యాసిరాజు గారి కాళ్లకు దండం పెట్టి పరుగు మొదలుపెట్టే పిల్ల, ఆ రోజు ఆయన పక్కనుంచే తల తిప్పకుండా వెళ్లిపోయింది.