మిగిలిన ఒక్క వరుస

మా ఎడిటర్‌లో ప్రతి కోడు వరుస పక్కనా దాన్ని చివరిసారి మార్చినవాళ్ల పేరు కనిపిస్తుంది. ఈ ఫైల్లో షాలేమ్ పేరు ఒక్క వరుస పక్కనే మిగిలింది. రాంగోపాల్‌పేట్ ఆఫీసులో మూడేళ్లు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. పుణె వెళ్లి రెండేళ్లయింది. వెళ్లొద్దని నేననలేదు, వెళ్లనా అని అతనడగలేదు.

బగ్ ఆ వరుసలోనే ఉంది. ఒక్కో బిట్టూ ఒక్కో సెన్సార్‌కు స్విచ్. షాలేమ్ ముప్పై రెండింటికే చోటు పెట్టాడు. ఉన్నదానితో సరిపెట్టుకునే రకం, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొత్తగా వచ్చిన ముప్పై మూడో సెన్సార్‌ను ఆన్ చేస్తే ఇంటెల్ చిప్ ఉన్న బోర్డులో మొదటిది ఆన్ అవుతోంది, ఆర్మ్ చిప్ ఉన్న బోర్డులో ఏదీ కావడం లేదు. ఒకటి అంకె పక్కన మూడక్షరాలు చేరిస్తే చాలు, అరవై నాలుగింటికి చోటొస్తుంది. కానీ ముట్టుకుంటే ఆ వరుస నా పేరుకు మారుతుంది. అందుకే ముప్పై మూడోదానికి విడిగా వేరే ఫైల్లో ఒక షరతు రాసి పంపాను.

మా లీడ్ ఓంప్రకాశ్ గారు దాన్ని తిప్పిపంపి నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"ఏందమ్మా హదస్సా, దెబ్బ ఒక దిక్కు, పట్టీ ఇంకో దిక్కా? రేపు ముప్పై నాలుగోది వస్తే ఏం చేస్తవ్?"

"మారుస్తా సర్."

మార్చాను. రెండు బోర్డుల మీదా ముప్పై మూడో సెన్సార్ లైటు వెలిగింది. వరుస పక్కన నా పేరొచ్చి కూర్చుంది.

మార్పుకు కారణం రాసే చోట, "షాలేమ్ రాసింది తప్పు కాదు, అప్పటికి అంతే కావాల్సి ఉంది" అని పెట్టాను. కోడు రేపు ఎవరైనా మారుస్తారు. ఒకసారి మార్పుతో పాటు చేరిన ఆ నోటును మాత్రం ఎవరూ దిద్దరు. నా పేరు కింద అతని పేరు, అక్కడైనా ఉంటుంది.