రాధాకృష్ణమూర్తి గొంతు వేళకు ఇంటికి రాని రోజు

పత్తర్‌గట్టి వెనక సందులో, చీరల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న 'మన గల్లీ రేడియో'కి ప్రతి మంగళవారం పొద్దున పది గంటలకు కొత్త వాలంటీర్లు వస్తారు. స్టేషన్ నడిపే సుచరిత వాళ్లను చాపల మీద కూర్చోబెట్టి, అల్లం చాయ్ తెప్పించి, చెప్పాల్సినవన్నీ చెబుతుంది. మైకుకు జానెడు దూరంలో కూర్చోవాలి. కాగితాలు గలగలలాడించొద్దు. మైకు ముందు జామకాయ కొరకొద్దు. సొంత దుకాణం పేరు ఎత్తొద్దు. ఈ చివరి ముక్క దగ్గర ఆమె చూపు బట్టల వ్యాపారి వైకుంఠం మీద ఆగుతుంది. వైకుంఠం పాత వాలంటీరే గానీ, చాయ్ కోసం ప్రతి మంగళవారం వచ్చి కొత్తవాళ్లలో కూర్చుంటాడు.

"ఇగ ఆఖరి మాట," అంటుంది సుచరిత. "ప్రోగ్రాం అయినంక మీ గొంతు బయటికి పోతది. పరేషాన్ కావద్దు. ఎవరింట్ల రేడియో పెట్టిన్రో ఆ ఇండ్లకు పోయి, జరసేపు కూసోని, రెండు మూడు గంటలల్ల వాపస్ వస్తది. అప్పటిదాంక ఏమన్న కావాల్నంటే పలక మీద రాయున్రి."

పలకలు గోడకు వరసగా వేలాడుతుంటాయి. ఈ మాటకు కొత్తవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే, బలపాలు స్టేషనే ఇస్తుందా లేక తెచ్చుకోవాలా అని.

రాధాకృష్ణమూర్తి మాత్రం లేచి నిలబడి, కళ్లజోడు సర్దుకుని, "బయట సంచరించునప్పుడు గొంతుకు గుర్తింపు కార్డు ఏమైనా జారీ చేస్తారా అమ్మా?" అని అడిగాడు.

ఆయన తెనాలి మనిషి. ఒక సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై ఎనిమిది నెలలైంది. ముప్పై నాలుగేళ్లు హైదరాబాదులో ఉన్నా నోటివెంట ఒక్క 'గట్ల' దొర్లనివ్వలేదు. కిషన్‌బాగ్‌లో ఇల్లు. ఇంట్లో ఆయన మాట్లాడే మాటలు 'కాఫీ', 'పేపరు', 'తాళాలు'. రిటైరయ్యాక వంటింట్లో పోపుడబ్బాలకు నంబర్లు వేయడం మొదలుపెట్టేసరికి, ఆయన భార్య నాగమణి వాలంటీర్లు కావాలన్న కరపత్రం ఎక్కడో సంపాదించి, కాఫీ గ్లాసు కింద పెట్టింది. అలా వచ్చాడు.

ఆయనకు 'దరఖాస్తు నింపుడెట్ల' అనే కార్యక్రమం ఇచ్చారు. "వినేటోళ్ల భాషల మాట్లాడున్రి సార్," అంది సుచరిత. ఆయన మైకు ముందు కూర్చుని, "గౌరవనీయ శ్రోతలకు నమస్సులు. దరఖాస్తుదారులు తమ తమ ధ్రువీకరణ పత్రముల నకళ్లను జతపరచి..." అని ఇరవై నిమిషాలు చదివాడు. చదవడం అయిపోగానే గొంతు కిటికీలోంచి వెళ్లిపోయింది. ఆయన పలక తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు.

పది నిమిషాల్లో గొంతు తిరిగొచ్చింది.

"ఇంత త్వరగా వచ్చేసిందేమిటి?" అని ఆ గొంతుతోనే అడిగాడు.

"మీ గొంతును ఎవ్వరూ లోపటికి రమ్మనలే సార్," అంది సుచరిత నొచ్చుకుంటూ. "గడప కాడ్నే నిలవెట్టి పంపిన్రు."

వైకుంఠం గొంతు మధ్యాహ్నం భోజనం వేళకు గానీ రాలేదు. వచ్చీరాగానే అతను ఎవరింట్లోనో పెట్టిన ఖుబానీ కా మీఠా తీపి వాసనతో బ్రేవ్‌మని తేన్చాడు. "మా ఇంటికి సుత వచ్చిందన్నా నీ గొంతు," అన్నాడు. "నోటీసియ్యనీకి వచ్చిన్రేమో అని మా ఇంటామె తలుపేసుకున్నది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటాడు? ముప్పై నాలుగేళ్లు ఆయన బల్ల ముందు మనుషులు చేతులు కట్టుకు నిలబడ్డారు. ఒక్కరు కూడా 'రండి సార్, మా ఇంట్లో టీ తాగి వెళ్దురుగాని' అనలేదన్న సంగతి ఆయనకు మొదటిసారి ఆటోలో ఇంటికి పోతుంటే తట్టింది. తర్వాతి మూడు వారాలూ గొంతు పది నిమిషాలకే వచ్చింది. ఒకసారి ఎనిమిదికే.

ఐదో వారం, ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగాక, సీలింగు ఫ్యాను ఆయన కాగితాలను ఎత్తుకుపోయి సందులో పారేసింది. చదవడానికి ఏమీ లేదు. అద్దానికి అవతల గదిలోంచి సుచరిత మాట్లాడమని చేతులూపుతోంది. రాధాకృష్ణమూర్తికి చెమటలు పట్టాయి. నోటికి ఏది వస్తే అది చెప్పాడు. వచ్చింది సొంత కథే.

"మొన్నామధ్య నాకో గుర్తింపు కార్డు ఇచ్చారండీ. అందులో నన్ను ఆడమనిషని వేశారు. సరిచేయించుకుందామని మూడు రోజులు లైన్లో నిలబడ్డాను. మూడో రోజు కిటికీ దగ్గర కుర్రాడు కార్డు చూసి, ఇలా మీరొస్తే కుదరదు, అమ్మగారిని పంపించండి అన్నాడు."

అవతల సుచరిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది చూసి ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక మళ్లీ అన్నాడు. "నేనూ ఒకాయన్ని అలాగే నాలుగుసార్లు తిప్పి పంపానండీ, పేరులో సున్నా ఒకటి తప్పిపోయిందని. ఆ పెద్దాయన పేరు నాకిప్పుడు గుర్తు లేదు. సున్నా ఒక్కటే గుర్తుంది. ఎక్కడున్నా ఏమీ అనుకోవద్దండీ."

ఆ రోజు గొంతు దీపాలు పెట్టే వేళకు వచ్చింది. అన్నం తింటూ రాధాకృష్ణమూర్తి, "బెండకాయ కూర మస్తుగున్నది," అన్నాడు. నాగమణి గరిటె పట్టుకుని ఆయన వెనక్కి తొంగిచూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

అప్పట్నించీ ఆయన గొంతుకు తీరిక లేదు. ఒక గురువారం దీపాలు పెట్టే వేళ దాటింది, ఏడైంది, గొంతు రాలేదు. "వస్తది సార్, తొవ్వ ఎర్కేనాయె," అంది సుచరిత. ఆయన పలక చంకలో పెట్టుకుని ఆటో ఎక్కి, దాని మీద 'కిషన్‌బాగ్' అని రాసి చూపించాడు.

ఆటో అతను అద్దంలో ఆ పలకనూ ఆయననూ చూసి, "మీరు దరఖాస్తు సార్ గదా?" అన్నాడు. "పొద్దుగాల మా ఇంటికొచ్చిన్రు. మా అమ్మీ మీకు సేవియా పెట్టింది." పొద్దుటినుంచీ నోరు ఎందుకు తియ్యగా ఉందో రాధాకృష్ణమూర్తికి అప్పుడర్థమైంది.

ఇంటి తలుపు తెరిచే ఉంది. వంటింట్లోంచి నవ్వు వినిపించింది. నాగమణి నవ్వు. అది నాగమణి నవ్వేనని పోల్చుకోవడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

"...గప్పుడు ఆ ముసలామె ఏమన్నదో ఎర్కేనా?" అంటోంది ఇంకో గొంతు. అది ఆయనదే.

గుమ్మంలోకి వెళ్లి చూశాడు. నాగమణి గోరుచిక్కుళ్లు తుంచుతూ పీట మీద కూర్చుంది. ఎదురుగా ఖాళీ స్టూలు, దాని మీద పొగలు కక్కుతున్న కాఫీ.

"వచ్చారా?" అంది నాగమణి కళ్లు తుడుచుకుంటూ. "మీ కాఫీ మీ గొంతుకిచ్చేశానండీ. మీకు మళ్లీ పెడతాను. కాసేపు హాల్లో కూర్చోండి."

ఆయన సొంత ఇంట్లో చుట్టంలా సోఫా అంచున కూర్చున్నాడు. పరాయి మగాడయితే వెళ్లి కాలరు పట్టుకోవచ్చు. ఇదేమో తన గొంతు.

"అన్నీ నా ముచ్చట్లే ఆయె," అంది గొంతు లోపల. "నీ సంగతి చెప్పు. లగ్గం కాకముందు ఏం జేస్తుంటివి?"

చిక్కుళ్లు తుంచుతున్న చప్పుడు ఆగింది. "గుంటూరులో కాలేజీ ఆటలపోటీలకి క్రికెట్ కామెంటరీ చెప్పేదాన్ని," అంది నాగమణి. "మగపిల్లల కాలేజీ వాళ్లు కూడా రిక్షా పంపించి మరీ పిలిచేవాళ్లు."

"మరి నాకెన్నడు చెప్పకపోతివి?"

"మీరెప్పుడడిగారు?"

హాల్లో రాధాకృష్ణమూర్తి నేల చూపులు చూశాడు. వంటింట్లో గొంతు మెల్లగా, "ఒక్కసారి ఆ కామెంటరీ చెప్పరాదూ," అంది.

నాగమణి గొంతు సవరించుకుంది. "చివరి ఓవర్ చివరి బంతి. గెలవాలంటే నాలుగు పరుగులు కావాలి. బౌలర్ చింతచెట్టు దగ్గర్నుంచి పరుగు మొదలుపెట్టాడు. వస్తున్నాడు, వస్తున్నాడు, బంతి వేశాడు, బ్యాటు గాల్లోకి లేచింది, బంతి ఎత్తుగా లేచింది, కింద ఫీల్డరు వెనక్కి, ఇంకా వెనక్కి..."

అప్పుడు కుక్కరు కూసింది. నాగమణి లేచి స్టవ్వు ఆపింది.

"రేపు పొద్దుగాల స్టేషన్‌కు రా," అంది గొంతు. "షట్టర్లు తెరవకముందు సందుల గాజులోళ్లకూ బట్టలోళ్లకూ మ్యాచ్ ఉన్నది. కిటికీ కాడికి మైకు గుంజుదాం. సుచరితకు నేన్ చెప్త."

రాధాకృష్ణమూర్తి చివాలున లేచాడు. ఈ వయసులో ఆడది కిటికీలోంచి క్రికెట్టు అరవడమేమిటి? పొద్దున్నే వంట ఎవరు చేస్తారు? 'వద్దు' అనడానికి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. వద్దనాల్సిన గొంతు స్టూలు మీద కూర్చుని ఆమెను రమ్మంటోంది.

పలక మీద పెద్దక్షరాలతో 'వద్దు' అని రాసి, వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. నాగమణి కుక్కరు పక్కన నిలబడి ఉంది. కుడిచేతిలో గోరుచిక్కుడుకాయను మైకులా పట్టుకుని, ఆ సంగతి తనకే తెలియకుండా, ఎక్కడో గుంటూరులో ఉంది. ఆయన అక్కడే నిలబడి ఆ మొహం చూశాడు. చొక్కా చేత్తో పలక తుడిచేశాడు. మళ్లీ రాసి ఆమె ముందు పెట్టాడు.

'క్యాచ్ పట్టాడా?'

నాగమణి చదివి, ఆయన వైపు చూసి, "లేదండీ," అంది. "సిక్సు."

ఆ రాత్రి గొంతు ఆయన దగ్గరికి వచ్చేసింది. మర్నాడు ఆమె చెప్పిన కామెంటరీకి చార్మినార్ దాకా చాయ్ కొట్లలో రేడియోలు పెట్టారు. వైకుంఠం జట్టు ఓడిపోయింది. ఓడిపోయినట్టు చెప్పిన తీరు బాగుందని అతనే అందరికీ జిలేబీలు పంచాడు. మ్యాచ్ అయ్యాక నాగమణి గొంతు వెళ్లింది. శుక్రవారం రాలేదు. శనివారమూ రాలేదు. ఆదివారం పొద్దున ఎవరో ఫోను చేశారు.

"సార్, మేడం గొంతు మా తాన్నే ఉన్నది. ఇయ్యాల మా గల్లీల ఫైనల్. మ్యాచ్ అయినంక పంపితే నడుస్తదా? లేకుంటే ఇప్పుడే పంపమంటరా?"

రాధాకృష్ణమూర్తి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "నీ గొంతును ఇప్పుడే పంపమననా?" అని అడిగాడు. నాగమణి బాల్కనీలో కాళ్లు చాపుకుని, మొదటిసారిగా ఆయన కంటే ముందు పేపరు చదువుతోంది. తల అడ్డంగా ఊపింది.

"ఉండనియ్యి భాయ్," అన్నాడాయన ఫోనులో. "ఆట అయినంకనే పంపు. జల్దేం లేదు."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లాడు. బియ్యం కడిగి, గిన్నె పట్టుకుని బాల్కనీ దాకా వచ్చాడు.

"గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని?"

నాగమణి పేపరు దించకుండానే రెండు వేళ్లు చూపించింది.