నాన్న వంతు వారం

పిల్లలు లేకపోతే ఇంట్లో ఎంత పని తెములుతుందోనని ఏడాది పొడుగునా అనుకున్న మనిషి, తీరా వాళ్లు లేని వారం వచ్చేసరికి ఇంట్లో కాలు నిలవక పనిచేసే చోటే పొద్దుపుచ్చుతోంది. అల్మారా సర్దాలనుకుంది, దాని తలుపు కూడా తెరవలేదు. కంటినిండా నిద్రపోవాలనుకుంది, తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోంది. పక్కమీద ఎటు చెయ్యి చాపినా చల్లటి దుప్పటే తగులుతోంది. మామూలు రోజుల్లో ఒకవైపు బుడంకాయ మోకాలు, మరోవైపు అమ్మలు మోచెయ్యి డొక్కలో పొడుస్తూ ఉండేవి. అప్పుడు విసుక్కునేది. ఇప్పుడు ఆ పోట్ల కోసం ఒళ్లు వెతుక్కుంటోంది.

అమ్మలుకి ఎనిమిదేళ్లు. బుడంకాయ దాని తమ్ముడు, నాలుగేళ్లవాడు. బళ్లో ఇద్దరికీ వేరే పేర్లున్నాయి గానీ, ఇంట్లో ఆ పేర్లతో పిలిస్తే ఎవరినో అనుకుని పలకరు. వాళ్ల నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయనా ఆమే విడిపోయి రెండేళ్లు దాటింది. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోన్ రాగానే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. పండగ లేదు, జ్వరం లేదు. "ఊళ్లో జనాన్నంతా బయటికి తీస్తావు, ఇంట్లో నేను ఇరుక్కుపోయానని చూసుకోవు" అని ఒకసారి ఆమె అంది. ఆయన నవ్వాడు. అది నవ్వడానికి అన్న మాట కాదని తెలుసుకునేసరికి ఆలస్యమైపోయింది.

పిల్లలు ఆమె దగ్గరే ఉండేలా, వేసవి సెలవుల్లో ఒక వారం మాత్రం నాన్న వంతు వచ్చేలా మాట అనుకున్నారు. మొదటి ఏడాది ఆయనకి సెలవు దొరకలేదు. ఈసారి దొరికింది. సముద్రం చూపిస్తానని ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లాడు. ఏ హోటల్లో దిగుతున్నారో ఆమె అడగలేదు. అడిగితే ఆరా తీసినట్టుంటుందని ఊరుకుంది.

ఆమె పనిచేసేది కట్టుడు పళ్లు తయారుచేసే చోట. పొడుగాటి బల్లలు, వాటినిండా తెల్లటి సుద్ద అచ్చులు, ఎవరెవరివో నోళ్లు వరసగా తెరుచుకుని ఉంటాయి. ఆమె ఎదురుగా కూర్చునే పెద్దాయన్ని అందరూ మైనం బాబాయి అంటారు. మైనం కరిగించి చిగుళ్లు తీర్చడంలో ఆయన చెయ్యి చెయ్యే. ఆ మధ్యాహ్నం ఆమె ఒక ముసలాయన సెట్టుకి ముందుపళ్లు అతుకుతోంది. ఫోన్ మోగింది. పిల్లల నాన్న పేరు కనబడింది. ఆయన ఈ వేళప్పుడు చెయ్యడు.

"అమ్మా, నేనే." అమ్మలు గొంతు, గుసగుసగా.

"ఏం తల్లీ, అన్నాలు తిన్నారా?"

"తిన్నాం. తమ్ముడు లేచాడు. నాన్న లేడు."

"లేడంటే? స్నానానికి వెళ్లాడేమో చూడు."

"కాదు, బయటికెళ్లాడు. మేం పడుకున్నామనుకున్నాడు. తమ్ముడు పడుకున్నాడు, నేను ఊరికే కళ్లు మూసుకున్నా. నేను కళ్లు తెరిస్తే, ఇప్పుడే వచ్చేస్తానని చెప్పి, తలుపుకి బయట తాళం వేసుకుని వెళ్లాడు."

"మరి ఫోన్ నీ దగ్గరుందేం?"

"ఏమన్నా అయితే ఫోన్ చెయ్యమని ఇచ్చాడు. ఎవరికి చెయ్యాలో చెప్పలేదు. నాన్నకి చేద్దామంటే నాన్న ఫోన్ ఇదేగా. అందుకని నీకు చేశా."

"ఏమన్నా అయిందా అమ్మలూ?"

"తమ్ముడు బాల్కనీలో కుర్చీ ఎక్కి నుంచున్నాడు. నాన్న కనబడతాడేమో చూస్తున్నాడు. దిగమంటే దిగట్లేదు."

ఎన్నో అంతస్తు అని ఆమె అడగలేదు. ఆ జవాబు వింటే తను నిలబడలేనని తెలుసు. చేతిలో ఉన్న మైనం కత్తిని మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, బల్లమీద పెట్టింది.

"అమ్మలూ, పరిగెత్తకు. వాడిమీద అరవకు. ఫోన్ స్పీకర్లో పెట్టి మెల్లగా వాడి దగ్గరికి పట్టుకెళ్లు."

ఫోన్‌లోకి గాలి జొరబడింది. గాలి వెనక సముద్రం హోరు. ఆమె ఆ హోరు పైనుంచి, రోజూ అన్నానికి పిలిచే గొంతుతోనే పిలిచింది.

"బుడంకాయా."

"అమ్మా, నాన్న కనబళ్లేదు."

"వస్తాడులే. నాకో సాయం చేసిపెడతావా? ఇక్కడ ఒక తాతకి పళ్లు కట్టాలి. ఎన్ని కట్టాలో మర్చిపోయా. నీ నోట్లో ఎన్నున్నాయో చూసి చెప్పవా."

"చాలా ఉన్నాయి."

"చాలా అంటే తాత ఒప్పుకోడు. గొడవ చేస్తాడు. అద్దంలో చూసి లెక్కపెట్టి చెప్పాలి. అద్దం ఎక్కడుంది?"

గాలి, హోరు, అంతే. తర్వాత కుర్చీ కాళ్లు నేలమీద కీచుమన్నాయి. ఆ శబ్దానికి ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత గచ్చుమీద చిన్న పాదాలు టపటపమంటూ లోపలికి వెళ్లడం వినబడింది.

"దిగాడమ్మా. అద్దం దగ్గరికెళ్లాడు."

"బాల్కనీ తలుపు వేసెయ్."

"పైగడియ అందట్లేదు."

"ఆ కుర్చీ లోపలికి లాగు. తలుపు మూసి, దానిమీదెక్కి గడియ వెయ్యి. నువ్వు ఎక్కేది లోపలే, జ్ఞాపకం పెట్టుకో. వేశాక కుర్చీ మంచం అవతలికి తోసెయ్."

గడియ పడిన చప్పుడు ఆమెకి ఇక్కడ వినబడింది. ఎదురుగా మైనం బాబాయి పొయ్యి ఆర్పేసి, ఏమిటన్నట్టు చూస్తున్నాడు. ఆమె చేత్తో ఫోన్ మూసి, రెండు ముక్కల్లో చెప్పింది.

"ఏ హోటల్?" అన్నాడాయన.

"తెలీదు బాబాయ్."

మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకుంది. "అమ్మలూ, తువ్వాలు మీద ఏమన్నా రాసుందా చూడు."

అమ్మలు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. అది పలికింది పలికినట్టే ఆమె బాబాయికి అందించింది. ఆయన తన ఫోన్‌లో ఆ హోటల్ నంబరు వెతికి పట్టుకుని, ఎన్నడూ లేనంత గట్టిగా ఎవరితోనో మాట్లాడాడు. ఈలోపు బుడంకాయ అద్దం ముందు పళ్లు లెక్కపెడుతున్నాడు. వాడికి పది దాకానే వచ్చు. పది రాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. "తాతకి ఇంకా కావాలిట" అని ఆమె అంటూ ఉంది, వాడు లెక్కపెడుతూ ఉన్నాడు.

ఆఖరికి తాళం తిరిగింది. కొత్త గొంతు వినబడింది.

"అమ్మా, నేను ఇక్కడ గదులు సర్దేదాన్ని. పిల్లలు బానే ఉన్నారు. చిన్నోడు నాకు కూడా నోరు తెరిచి చూపిస్తున్నాడు. వాళ్ల నాన్నొచ్చేదాకా నేనిక్కణ్ణుంచి లేవను, మీరు స్థిమితపడండి."

ఆమె స్థిమితపడలేదు. స్టూలు మీద కూలబడింది. బల్ల కింద చేతిసంచీ కోసం తడిమింది.

"నువ్వెళ్లు," అన్నాడు బాబాయి. "ఈ పళ్లు నేను అతుకుతా. ఆ ముసలాయన ఇన్నాళ్లూ బోసినోటితోనే నమిలాడు, ఇంకో పూట నమల్లేకపోడు."

బస్టాండుకి వెళ్లే దారిలో ఉండగా పిల్లల నాన్న ఫోన్ చేశాడు. "నేనే" అన్నాడు.

ఆమె కాపురం చేసినన్నాళ్లూ ఆయన్ని 'నువ్వు' అనేది. విడిపోయాక 'మీరు' అనడం మొదలుపెట్టింది. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ మర్యాద తప్పలేదు. ఇప్పుడు తప్పింది.

"నువ్వేం మనిషివి?" అంది. "నేను వస్తున్నా. వచ్చేదాకా ఆ గదిలోంచి కదలకు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా ఆయన్ని అనాల్సిన మాటలు కూర్చుకుంది. మంచి పదునైన మాటలు. ఒక మాట దొరికేది, దాని వెంటే బుడంకాయ మెడ దగ్గర చెమట వాసన గుర్తొచ్చేది, ఆ మాట జారిపోయేది. ఊరు చేరేసరికి కూర్చుకున్నవాటిలో సగం కూడా మిగల్లేదు.

ఆమె వెళ్లేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన బాల్కనీ తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. బుడంకాయ ఆయన తొడమీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో, లేవబోతే ఆయన కాలు తిమ్మిరెక్కి కదల్లేదు. అమ్మలు పరిగెత్తుకొచ్చి తల్లి నడుము చుట్టేసింది. ఏడవలేదు. "తలుపు నేనే వేశా" అంది. ఆమె దాని నెత్తిమీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. జుట్టంతా ఉప్పు, ఇసుక.

వాణ్ణి మంచమ్మీద పడుకోబెట్టాక, ఇద్దరూ గుమ్మం బయట నిలబడ్డారు. తలుపు మూయలేదు. గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు.

"తప్పు నాదే," అన్నాడాయన. "ఏమన్నా పడతా."

"ఎక్కడికెళ్లావు?"

"ఆ ఇల్లు చూద్దామని."

ఏ ఇల్లని ఆమె అడగక్కర్లేదు. అమ్మలుకి ఇంకా నడక రాని రోజుల్లో ఇదే ఊరు వచ్చి, ఒక సైకిళ్ల కొట్టు మీద మేడగది అద్దెకి తీసుకున్నారు. కిటికీ రెక్క నిలవకపోతే ఆయన బూటు తాడుతో కట్టాడు. ఉయ్యాల లేక, బట్టల పెట్టె ఖాళీ చేసి, అందులో దుప్పటి పరిచి పిల్లను పడుకోబెట్టారు. రాత్రంతా పెట్టెకి చెరోవైపు పడుకుని, అది ఊపిరి తీస్తోందో లేదో ఒకరి తర్వాత ఒకరు లేచి చూశారు.

"ఉందా?" అంది. అడగాలనుకోలేదు, నోటివెంట వచ్చేసింది.

"ఉంది. కింద కొట్టు లేదు. మేడమీద ఎవరో కాపురముంటున్నారు, కిటికీలో దుప్పట్లు ఆరేశారు. ఒక్క నిమిషం నిలబడి వచ్చేద్దామనుకున్నా. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీలేదు."

"పిల్లల్ని కూడా తీసుకెళ్లాల్సింది."

"తీసుకెళ్లి వాళ్లకేం చూపించను? అక్కడ మనం లేముగా."

ఆమెకి కోపం తగ్గలేదు. అయినా ఆ ఎండలో, ఇప్పుడు తమది కాని కిటికీ కింద మెడ ఎత్తి నిలబడ్డ మనిషి కళ్లకి కట్టాడు. తనైతే ఎంతసేపు నిలబడేదోనని కూడా అనిపించింది.

"పొద్దున బస్సుకి తీసుకెళ్లిపోతున్నా," అంది.

ఆయన తల ఊపాడు. ఆ రాత్రి గది వాళ్లకి వదిలేసి, కింద వరండాలో కుర్చీలో గడిపాడు. పొద్దున సంచులు మోసుకొచ్చి బస్సెక్కించాడు. అమ్మలు కిటికీలోంచి ఆయన్ని చూస్తూ, "నాన్నకి ఇంకా సెలవులున్నాయిగా. ఒక్కడూ ఏం చేస్తాడు?" అంది. ఆమె దాని నుదుటిమీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది. బస్సు కదిలేముందు ఆయన తలుపు దగ్గరికొచ్చి, అది సరిగ్గా పడిందో లేదో తోసి చూశాడు. ఆయన చేసే పనే అది, చేతులు ఊరుకోవు.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు ఇంటికి వచ్చి వెళ్లేవాడు. ముందు గదిలో కూర్చుని పిల్లలతో ఆడేవాడు. ఫోన్ మోగితే, మరో మెకానిక్ నంబరు చెప్పి పెట్టేసేవాడు. వంటింట్లో ఆమె అది వింటూనే ఉండేది. ఈ మాట ఇదివరకే చెప్పి ఉంటే ఏమయ్యేదో అనుకునేది, అనుకుని గిన్నెలు కడుక్కునేది.

మళ్లీ వేసవి వచ్చింది. వారం సంగతి ఆయన ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఒక్క రోజు పంపిస్తావా? ఎక్కడికీ కాదు, ఈ ఊళ్లోనే పార్కుకి. సాయంత్రానికి తెచ్చేస్తా" అన్నాడు.

ఆమెకి ఆ అడిగిన తీరు నచ్చలేదు. తప్పుచేసిన పిల్లాడు అడిగినట్టుంది. ఆయన్ని అలా చూడాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు.

"వారం నీ వంతు," అంది. "సముద్రానికే తీసుకెళ్లు. కాకపోతే నేనూ వస్తా. నా గది వేరే."

అలాగే వెళ్లారు. పిల్లలు నాన్న గదిలో, ఆమె పక్కగదిలో. రెండూ కిందంతస్తువే. ఒడ్డున ఆయన పిల్లలమీంచి చూపు తిప్పేవాడు కాదు. బుడంకాయ ఇసుకలో గొయ్యి తవ్వుతూ, "ఇక్కడే ఉన్నా నాన్నా, ఎన్నిసార్లు చూస్తావు" అని విసుక్కున్నాడు. ఆమె దూరంగా చాప వేసుకుని కూర్చునేది. పిలిస్తేనే వెళ్లేది. ఇది తన వంతు వారం కాదని తనకి తానే గుర్తుచేసుకునేది. అన్నాలప్పుడు మాత్రం నలుగురూ ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. వడ్డించేవాడు వాళ్లని ఒక కుటుంబం అనుకున్నాడు, ఎవరూ కాదనలేదు.

ఒక సాయంత్రం ఆమె స్నానం చేసి తల తుడుచుకుంటుంటే, గోడ అవతల పిల్లలు పకపకా నవ్వడం వినబడింది. వాళ్లతోపాటు ఆయన కూడా. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆమె తువ్వాలు పట్టుకుని గోడ దగ్గరికి జరిగింది. మాటలు అందలేదు, నవ్వే అందింది. ఒకసారి ఆగి, మళ్లీ ఎగిసింది. వెళ్లి తలుపు తడితే తీస్తారు, చోటిచ్చి కూర్చోబెట్టుకుంటారు, ఆమెకి తెలుసు. తడి జుట్టు భుజాలమీద కారుతుండగా, ఆ నవ్వు సద్దుమణిగేదాకా అక్కడే నిలబడింది.

పొద్దున బల్ల దగ్గర, నిన్న ఎందుకు నవ్వారర్రా అని అడిగింది. అమ్మలు తమ్ముడి వంక చూసింది, వాడు నాన్న వంక చూశాడు. ఎవరికీ గుర్తులేదు.