మెడ దగ్గర గీత

ఎంత పౌడరు అద్దినా ఈ నుదురు మెరుస్తూనే ఉంటుంది, లైట్ల కింద కూర్చోబెడితే కెమెరామన్ చేత నన్ను తిట్టించే నుదురు ఇది, ప్రభుత్వ సలహాదారు గారిది కాబట్టి ఓర్చుకోవాలి, కళ్ళు మూసుకోండి సార్ అన్నాను, మూసుకున్నారు, చొక్కాకు రంగు అంటకుండా కాలర్‌లో టిష్యూ దోపాను, కళ్ళు మూసుకున్న మనిషికి ఎదుట ఎవరూ లేనట్టే ఉంటుందేమో, గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు గానీ మేకప్ వేసేవాళ్ళకూ ఉంటాయని ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరికీ తట్టదు, ఎవరి కాపురం కూలుతోంది, ఎవరి జుట్టు సొంతది కాదు, ఎవరు ఏ పార్టీలోకి దూకబోతున్నారు, నేను విననిదంటూ లేదు, విన్నదంతా సాయంత్రం స్పాంజితో పాటే కడిగి పారేస్తాను, ఈయన ఫోను చెవికి ఆనించుకునే ఉన్నారు, అవతల ఎవరో బాగా కావలసినవాళ్ళే, గొంతు అంత మెత్తగా ఉంది, వచ్చే వారం సదస్సు మొదలుకాగానే ప్రారంభోపన్యాసంలోనే చెప్పేస్తాం, అవును, ఊరి బయటి బొగ్గు విద్యుత్ కేంద్రమే, పూర్తిగా మూసేయడమే, ఇన్ని దేశాలవాళ్ళు వాతావరణం గురించి మాట్లాడటానికి మనింటికే వస్తుంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఇవాళ్టి చర్చలో అడిగితే మాత్రం ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదనే అంటాను అన్నారు, స్పాంజి ఆయన దవడ దగ్గర ఆగిపోయింది, అది నా చేతిలోనే ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను.

ఆ కేంద్రంలోనే మా ఆయన పని, బాయిలర్ దగ్గర, పెళ్ళికి ముందునుంచీ అక్కడే, మేముండే క్వార్టరు వాళ్ళది, పిల్ల చదివే బడి వాళ్ళది, పిల్ల దగ్గుకు మందిచ్చే ఆసుపత్రీ వాళ్ళదే, దగ్గు మాత్రం ఎవరిది, అదీ వాళ్ళదే అన్నాను ఒకసారి, అన్నం దగ్గర, అనకుండా ఉండవలసింది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు అని కంచం ముందునుంచి లేచిపోయాడు, కోపిష్టి కాదు పాపం, డ్యూటీ దిగొచ్చి పెరట్లో కుళాయి కింద ఒళ్ళంతా తోముకుని బట్టలు మార్చుకుంటే గానీ పిల్లను తాకడు, దగ్గు తెర వచ్చినప్పుడు వీపు రాస్తూ దానికి కథలు చెప్పేదీ ఆయనే, నెబ్యులైజర్ మాస్కుకు ఏనుగు ముక్కు అని పేరు పెట్టిందీ ఆయనే, పిల్లలన్నాక దగ్గుతారే, మేమంతా దగ్గలేదా అంటాడు, డాక్టరూ అంతే, చీటీ మీద ఎలర్జీ అని రాస్తాడు, దేనికి ఎలర్జీ అని అడిగితే వాతావరణానికి అమ్మా అని నవ్వుతాడు, వాతావరణమట, ఆ వాతావరణాన్నే నేను పొద్దున కిటికీ గట్టు మీదనుంచి తడిగుడ్డతో తుడిచి, మధ్యాహ్నానికి మళ్ళీ తుడుస్తాను, ఇప్పుడదంతా పోతుందన్నమాట, ఇల్లూ బడీ ఆసుపత్రీ అన్నీ, మా ఆయన ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఆ చేతులు కట్టుకుని కూర్చునే రకం కావు, నా గుండె దడదడా కొట్టుకుంటోంది, భయమే, భయం కాక మరేముంటుంది, అయిపోయిందామ్మా అని సలహాదారు గారు కళ్ళు తెరిచారు, తలూపాను, టిష్యూ తనే లాగి పారేసి స్టూడియోలోకి వెళ్ళిపోయారు.

ఆ కుర్చీ ఇంకా వేడిగా ఉండగానే మీసాల బాబాయ్ వచ్చి కూర్చున్నాడు, మా ఆయన వాళ్ళ యూనియన్ నాయకుడు, చర్చలో రెండో పక్షం, ఏమ్మా, నోరు తీపి చేసేదెప్పుడు, మీ ఆయన ఫోర్‌మన్ కావడం ఖాయం, నా మాట రాసిపెట్టుకో అన్నాడు, పొయ్యేకాలమొచ్చిన చోట పదవులు పంచుతున్నారని నాలుక చివరిదాకా వచ్చింది, ఇప్పుడు, ఈ నిమిషం, చెవిలో ఒక్క ముక్క వేస్తే చాలు, ఈయన ఊరుకునే మనిషి కాదు, ప్రత్యక్ష ప్రసారంలోనే బయటపెడతాడు, రేపటికల్లా గేటు ముందు జెండాలు, సదస్సుకొచ్చే విమానాలు దిగే వేళకు రోడ్డు మీద సమ్మె, పైవాళ్ళకు పరువే ప్రాణం కాబట్టి ఆ మూసివేత కాగితాన్ని చప్పుడు కాకుండా బీరువాలో పెట్టేస్తారు, మా ఆయన ఫోర్‌మన్ అవుతాడు, చెప్పవే, నోట్లో ఏమైనా అడ్డం పడిందా, మింగలేక కక్కలేక నిలబడి, కదలకండి బాబాయ్, మీసాలకు పౌడరు అంటుకుంటుంది అన్నాను, అంతే, ఆ మాటే వచ్చింది, ఇక్కడి మాట బయటపెడితే నా ఉద్యోగం ఊడుతుంది కదా అనుకున్నాను, అనుకుని ఊపిరి పీల్చుకున్నాను, ఆయన మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు, బ్రష్షులు సర్దుతూ ఏదో కూనిరాగం వినబడి, గదిలో నేను తప్ప ఎవరూ లేరే అని చూస్తే, అది నాదే.

చీ, మొగుడి ఉద్యోగం పోతోందంటే పాటలా, నడవలో టీవీ ముందు నిలబడ్డాను, సదస్సు వల్ల మనకు ఒరిగేదేమిటి అని యాంకర్ అడుగుతోంది, నగరమంతా డివైడర్లకు రంగులు, పూలకుండీలు, పచ్చ జెండాలు చూపిస్తున్నారు, బాబాయ్ బల్ల గుద్ది, ఆ పొగగొట్టం నిలబడితేనే మా కంచాల్లో అన్నం, దాని మీద చెయ్యి వేస్తే చూడండి అన్నాడు, సలహాదారు గారు చిరునవ్వుతో ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదండీ అన్నారు, అబద్ధం అంత నున్నగా చెప్పడం ఒక విద్య, నాకు కోపం రావాలి, రావడం లేదు, నా కళ్ళ ముందు పెరట్లో తాడు మీద ఆరేసిన తెల్ల దుప్పటి ఆడుతోంది, సాయంత్రం తీసినా తెల్లగానే ఉన్న దుప్పటి, ఎక్కడిది ఇది, ఇల్లే ఉండదంటే దుప్పటి ఎక్కడ ఆరేస్తావే, కిటికీ తలుపులు బార్లా తీసి ఉన్నాయి, మంచం మీద పిల్ల వెల్లకిలా పడి నోరు మూసుకుని నిద్రపోతోంది, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ, ఇంతలో నిర్మాత లోపలినుంచి కేక పెట్టాడు, ఎవరమ్మా మేకప్ వేసింది, సలహాదారు గారి ముఖం ఒకరిది, మెడ ఇంకొకరిది లాగుంది అని, చూస్తే నిజమే, గడ్డం కింద గీత గీసినట్టు రంగు ఆగిపోయింది, చేరిన కొత్తలో కూడా నేను చెయ్యని తప్పు, ప్రకటనలు వస్తున్నాయి, పరిగెత్తు అన్నాడు, పరిగెత్తాను.

మైకులు ఆపేశారు, బాబాయ్ అటు తిరిగి ఫోనులో ఎవరినో కసురుతున్నాడు, నేను సలహాదారు గారి గడ్డం కొంచెం పైకెత్తి మెడ మీద స్పాంజి అద్దుతున్నాను, ఆయన పైకప్పు చూస్తున్నారు, మళ్ళీ నేను లేనట్టే, సార్, విద్యుత్ కేంద్రం నిజంగానే మూసేస్తారా అన్నాను, నా గొంతేనా అది, ఆయన గభాలున తల దించి మొదటిసారి నా ముఖం చూశారు, మీవాళ్ళెవరైనా అక్కడ పనిచేస్తున్నారా అన్నారు, మా ఆయన అన్నాను, ఆయన కళ్ళు బాబాయ్ వైపు ఒకసారి పోయివచ్చాయి, భయపడకమ్మా, ఎవరినీ రోడ్డున పడెయ్యం, వేరే పని నేర్పిస్తారు, ఆలోచిస్తున్నారు అని గబగబా గొణిగారు, నాకు ఆ ఓదార్పు చెవికెక్కలేదు, ప్రసారం మొదలవుతోంది తప్పుకోండి అని ఎవరో అరుస్తున్నారు, స్పాంజి ఆయన గొంతు మీదే ఉంది, సార్, మళ్ళీ మనసు మార్చుకోరు కదా అన్నాను, అనేశాక విన్నాను, బతిమాలుతున్న గొంతు, పిల్ల ఊపిరి అందక రొప్పుతుంటే డాక్టరును బతిమాలే గొంతు అది, ఆయన బిత్తరపోయి తల అడ్డంగా ఊపారు, నేను లైట్లలోంచి వెనక్కి, చీకట్లోకి వచ్చేశాను, బాబాయ్ చెవిలో మాట వెయ్యనిది ఉద్యోగం పోతుందని కాదు, ఇంతసేపూ గుండె కొట్టుకున్నది భయంతోనూ కాదు, సంతోషంతో, మా ఆయన అన్నం పోతోందని తెలిసి కూడా నేను సంతోషపడ్డాను, ఆపగలిగి కూడా ఆపలేదు, ఇవాళ ఆయన డ్యూటీ దిగి కుళాయి కింద తోముకుని లోపలికి రాగానే, పిల్లను ఎత్తుకోక ముందే, ఈ మాట నా నోటితో నేనే చెప్పాలి.