యూరియా తాగిన బర్రె

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. భూపాలపల్లిలో బొగ్గు బాయిల పని ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియడం లేదు. నెల్లికుదురు దగ్గరి తండాలో బాల్‌సింగ్ ఇంటి ముందు పశువులు నీళ్లు తాగే గోలెం అడుగంటింది. మోటారు నడవక దాన్ని మళ్లీ నింపలేదు.

ఆ పొద్దున బాల్‌సింగ్ పత్తి మీద కొట్టడానికి యూరియా కలుపుకున్నాడు. ముసురుకు చేనంతా పసుపుపచ్చగా మారింది. చేతి బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, సగానికి కోసిన నీలం డ్రమ్ములో పోసి, యూరియా చిక్కగా కరిగించాడు. ఇక పంపు ఎత్తుకుందామనే సరికి తండా పోరగాళ్లు ట్రాక్టరు ఆపారు.

"కాకా, జల్ది రా! రాస్తారోకో షురూ అయితంది."

డ్రమ్ము మీద ఓ గోనెపట్టా కప్పి బాల్‌సింగ్ ట్రాక్టరెక్కాడు.

మిట్టమధ్యాహ్నం నెల్లికుదురు రోడ్డు మీద నినాదాల మధ్య అతని ఫోన్ మోగింది. భార్య గంగాబాయి. ఒక చెవి మూసుకుని పక్కకు నడిచాడు. మేతనుంచి వచ్చిన బర్రె, దాని దుడ్డె గోలెం దగ్గరికి పోయాయట. అందులో నీళ్లు లేక డ్రమ్ము మీది పట్టాను మూతితో తోసేసి అందులోవి తాగాయట. దుడ్డె కింద పడి కాళ్లు కొట్టుకుంటోంది. బర్రె నిలబడే ఉంది గానీ వణుకుతోంది, నోట్లోంచి నురుగు కారుతోంది. తమ లంబాడీ భాషలో గబగబా ఇంత చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

పశువుల డాక్టరు కరుణాకర్ అదే రోడ్డు పక్కన ఉద్యోగుల టెంటులో కూర్చుని ఉన్నాడు. బాల్‌సింగ్ జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు.

"సార్, మా బర్రె యూరియా నీళ్లు తాగింది. దుడ్డె గూడ."

"ఎంతసేపాయె?"

"గిప్పుడే అంటంది మా ఇంటామె."

కరుణాకర్ లేచి, మళ్లీ ఆగాడు. దవాఖానకు తాళం వేసిందే సమ్మె కోసం. అతను చుట్టూ చూశాడు. ముందు వరుసలోని పంతులమ్మ ఒకామె విసుక్కుంది.

"గాడ నిలబడి మా మొకం జూస్తవేంది సారూ? బర్రెకేం తెలుసు సమ్మె? నడువు."

బర్రె కడుపులోకి మందు పోసే గొట్టం దవాఖానలో ఉంది. విరుగుడుగా కావలసింది వెనిగర్, అది మాత్రం లేదు. బంద్ వల్ల కిరాణా కొట్లన్నీ మూసి ఉన్నాయి. టెంటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ ప్రకాశ్‌ను చూడగానే కరుణాకర్‌కు తట్టింది. ప్రకాశ్‌ది నూడుల్స్ బండి.

"వెనిగర్ సీసలెన్ని ఉన్నయ్‌రా నీ కాడ?"

"పెట్టె ఉంది సార్. ఎందుకు?"

"తే. అన్నీ తే."

గొట్టం, సీసాల పెట్టె తీసుకుని మోటారు సైకిల్ మీద ముగ్గురూ తండా చేరేసరికి దుడ్డె చచ్చిపోయింది. గంగాబాయి దానివైపు చూడకుండా బర్రె మెడ పట్టుకుని నిలబడింది. దాని ఎడమ డొక్క ఉబ్బి రాయిలా గట్టిపడింది. కూతురు శిరీష బోరింగు నుంచి నీళ్లు మోస్తోంది. మానుకోటలో ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల, కాలేజీ మూతపడి ఇంట్లోనే ఉంది.

కరుణాకర్ బర్రె నోట్లోంచి కడుపులోకి గొట్టం దింపాడు. చల్లటి నీళ్లు, వెనిగర్ కలిపి పోస్తూ పోయాడు. బాల్‌సింగ్ కొమ్ములు పట్టుకున్నాడు. ప్రకాశ్ ఒక్కో సీసా మూత తీసి ఇచ్చాడు. కొంతసేపటికి వణుకు తగ్గింది. బర్రె చెవులు ఆడించింది. తండా జనం ఊపిరి పీల్చుకున్నారు.

"బతికినట్టేనా సార్?" బాల్‌సింగ్ అడిగాడు.

"ఇప్పుడే అనకు. నేనీడనే కూసుంట." కరుణాకర్ గట్టు మీద కూలబడి శిరీష వైపు తిరిగాడు. "ద్విగత చర్యలు చదివినవా బిడ్డా?"

"చదివిన సార్. అమ్మోనియా తయారీ గా పాఠంలనే ఉంది. నత్రజని, హైడ్రోజన్ కలిస్తె అమ్మోనియా అయితది, కొంత మల్ల విడిపోతది."

"గట్లనే ఇది గూడ. ఫ్యాక్టరీల అమ్మోనియాతోని యూరియా చేస్తరు. బర్రె కడుపుల యూరియా మల్ల అమ్మోనియా అయితంది. అది నెత్తుట్లెకు పోతె విషం. పులుపు పోస్తె ఆ అమ్మోనియా ఉప్పు లెక్క మారి కడుపులనే ఆగుతది. పులుపు తగ్గిందో, మల్ల ఎనుకకు మర్లుతది."

బాల్‌సింగ్‌కు చివరి మాట ఒక్కటే అర్థమైంది. అతను బర్రె మీద నుంచి కళ్లు తిప్పలేదు.

పొద్దు వాలుతుండగా బర్రె ముందుకాళ్లు మళ్లీ వణికాయి. గొట్టం మళ్లీ దిగింది. మిగిలిన సీసాలు అయిపోయాయి. శిరీష ఇంట్లోని చింతపండంతా పిసికి, వడగట్టి తెచ్చింది. అది సరిపోదని పక్కిళ్లకు పరుగెత్తింది. ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్లు ఇచ్చారు. ఎర్రటి పులుసు గొట్టంలోకి పోతుంటే బాల్‌సింగ్ కొమ్ములు ఇంకా బిగించి పట్టుకున్నాడు.

"పట్టా కప్పిపోయిన," అన్నాడు భార్యతో.

"పత్తికి బిందెలతోని మోసినవు," అంది గంగాబాయి. "గోలెంల రెండు బిందెలు పోస్తే ఏమాయె?"

ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బర్రె ఈసారి తేరుకుని పేడ వేసింది. డొక్క మెత్తబడింది. కరుణాకర్ చేతులు కడుక్కుని, పాలు కొన్ని రోజులు ఎవరూ తాగొద్దని చెప్పి, ప్రకాశ్‌ను వెనక ఎక్కించుకుని టెంటుకు బయలుదేరాడు. రోడ్డు మీదే వండుకు తింటూ చేసే వంటావార్పు ఇంకా సాగుతోందని ప్రకాశ్ అన్నాడు.

చీకటి పడకముందే చేను గట్టున గుంత తీసి దుడ్డెను పూడ్చారు. గంగాబాయి మన్ను లాగి కాలితో తొక్కింది. బాల్‌సింగ్ పార భుజాన వేసుకున్నాడు. ఇంటికి నడుస్తుండగా ఆమె అడిగింది.

"రేపు మల్ల పోతవా రోడ్డుకు?"

"పోత," అన్నాడు.

"అయితే సద్ది కడత. నేను గూడ వస్త. బర్రెను బిడ్డ జూసుకుంటది."