ఒక్క శాతం ఆయుష్షు

నాలుగు నెలల క్రితం డెబ్బై ఒక్క శాతం ఉన్న లాప్‌టాప్ ఆయుష్షు ఆ ఉదయం ఒక్క శాతానికి దిగిపోయి కనిపించింది.

కోడలు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ఒకటే. పక్కన ఎర్ర చుక్క.

"ఏమండీ!" అని అరిచింది. ఆ అరుపుకి భర్త సగం గడ్డం గీసుకున్న మొహంతోనే పరుగెత్తుకొచ్చాడు.

అది ఎనిమిదేళ్ల లాప్‌టాప్. మూత నిండా గీతలు. అయితే ఆమె నాలుగేళ్ల బతుకు అందులోనే ఉంది. ఆమె నత్తల నడక మీద పరిశోధన చేస్తోంది. లాప్‌టాప్ ఉన్న గదిలోనే నలభై గాజుపెట్టెలు, పెట్టెకో నత్త, నత్త పెంకు మీద తెల్లరంగుతో నంబరు. పోయిన నెలంతా తీసిన వీడియోల్లోంచి ఏ నత్త ఎప్పుడు, ఎటు, ఎంత నడిచిందో కొలిచే ప్రోగ్రామ్ ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌కి ప్రపంచంలో నత్త ఒక్కటే కనిపిస్తుంది. మిగతాదేదీ దాని కంటికి ఆనదు. దాన్ని రాసిన ప్రొఫెసర్ ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు. ఫోనెత్తడు.

మొత్తం థీసిస్‌కి ప్రాణం ఇరవై మూడో నత్త. రోజుకి నాలుగుసార్లు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఆగిపోయి, కళ్లు లోపలికి లాక్కుని, కాసేపు అలాగే ఉండిపోయేది. ఇలా ఏ నత్తా చెయ్యగా ఎవరూ చూడలేదు. ఐదో అధ్యాయం మొత్తం దాని గురించే. 'అద్భుతం' అని ఒక పరీక్షకుడు ముందే రాసి పంపాడు కూడా.

థీసిస్ రేపు పదకొండింటికల్లా ఇచ్చెయ్యాలి. ప్రోగ్రామ్ ఇప్పుడే ముప్ఫై ఐదో నత్తని మొదలుపెట్టింది. నత్తకో గంట. అంటే సాయంత్రం ఐదు.

గంట పదకొండు.

పావుగంటలో మెకానిక్ వచ్చాడు. చొక్కా జేబు నిండా స్క్రూడ్రైవర్లతో తిరిగే మనిషి కాబట్టి వీధంతా అతన్ని స్క్రూ అనే పిలుస్తుంది. తెర మీది అంకె చూసి పెదవి విరిచాడు.

"మేడమ్, లోపల ఫైళ్లు దాచే ఈ డ్రైవ్ చెప్పుల జత లాంటిది. చూసుకుంటూ కూర్చుంటే అరగదు. రాసిన ప్రతిసారీ మాత్రం కాస్త అరుగుతుంది."

"సున్నాకి వస్తే?"

"ఈ రకం తాళం వేసుకుంటుంది. ఉన్నది చదవనిస్తుంది, కొత్తది రాయనివ్వదు. మీ నత్తలు ఎక్కడివక్కడే ఆగిపోతాయి."

"ఆగినా తేడా ఏం తెలుస్తుంది?" అన్నాడు భర్త. కోడలు చూసిన చూపుకి మిగతా సగం గడ్డం గీసుకోవడానికి వెళ్లిపోయాడు.

"కొత్త డ్రైవ్ వేసెయ్యకూడదా?" అంది కోడలు.

"వెయ్యాలంటే ప్రోగ్రామ్ ఆపాలి. ఆపితే?"

"మళ్లీ ఒకటో నత్త నుంచి."

"అయితే ముట్టుకోను. మీ నత్తలు రాసేది చిటికెడు, దానికి ఈ ఒక్క శాతం సరిపోతుంది. ఎవరో బస్తాలకి బస్తాలు గుమ్మరిస్తున్నారు మేడమ్. ముందు వాళ్లని పట్టుకోవాలి." స్క్రూ తెర మీద పొడవాటి చిట్టా ఒకటి తెరిచాడు. "ఏ వేళకి ఎంత రాశారో ఇందులో ఉంటుంది. ఎవరన్నది మాత్రం ఉండదు. ఇదిగో. మొదట్లో వారానికోసారి, తర్వాత రోజూ. ఈ రెండు నెలలూ రోజుకి నాలుగుసార్లు. ఆరు, పది, రెండు, మళ్లీ ఆరు. వచ్చిన ప్రతిసారీ పావుగంటలో నూట అరవై జీబీ రాసి, మొత్తం చెరిపేసి పోతున్నాడు. దొంగ అన్నవాడు ఏదో ఒకటి పట్టుకుపోతాడు. వీడేమో తెచ్చి కుప్పపోసి, తనే ఊడ్చిపెట్టి పోతున్నాడు. నా సర్వీసులో ఇలాంటి మనిషిని చూడలేదు."

"ఇవాళ రెండింటికి కూడా వస్తాడా?"

"ఇంకో నాలుగు దెబ్బలు తట్టుకోవచ్చు. ఒక్క దెబ్బకే పోవచ్చు. చెప్పలేం."

గడ్డం పూర్తిచేసుకుని వచ్చిన భర్త మీద మొదటి అనుమానం పడింది.

"నా వైపు చూస్తావేంటి? నాకు దాని పాస్‌వర్డే తెలీదు."

"పోయినవారం అందులో సినిమా చూశారు."

"చూశాను, రాయలేదుగా! చూస్తే అరగదని ఆయనే అన్నాడు. అయినా పదింటికీ రెండింటికీ నేను ఆఫీసులో ఉంటాను. ఇవాళ సెలవు కాబట్టి దొరికిపోయాను."

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అందుకున్నారు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఈశ్వరుడికి చిట్టా తియ్యడం రాదేమో లెండి," అన్నాడు స్క్రూ. "ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా మామయ్యగారు. దూది కొనుక్కురావడానికి మందుల షాపుకి వెళ్లారు," అంది కోడలు.

"ఆయన జోలికి రాకండి," అన్నారు అత్తగారు. "నలభై ఏళ్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన మనిషి. వేళంటే వేళే. నువ్వు చెప్పిన ఆ నాలుగు వేళలా నా బీపీ చూస్తారు. ఆ సాక్ష్యం నేనిస్తాను."

స్క్రూ తల వంచాడు. సాక్ష్యం గట్టిదే.

"చూసి," అని కొనసాగించారు అత్తగారు, "పావుగంట కళ్లు మూసుకుని కదలకుండా పడుకోమంటారు. అప్పుడే గుండె కుదుటపడుతుందట."

నత్తలు ఆకులు కొరుకుతున్న చప్పుడు కూడా వినిపించింది.

"ఆ పావుగంటా మామయ్యగారు ఎక్కడుంటారత్తయ్యా?"

"నా పక్కనే."

"మీరు చూశారా?"

"కళ్లు మూసుకుంటే ఎలా చూస్తానే?" అన్నారు అత్తగారు. అంటూనే కుర్చీలో కూలబడ్డారు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మామగారు దూదితో తిరిగొచ్చారు. చేస్తుండగానే పట్టుకుందామని అందరూ మామూలుగానే ఉన్నారు. భోజనాలయ్యాయి. రెండవుతుండగా అత్తగారు మంచమెక్కి చెయ్యి చాపారు. మామగారు పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవిలో గొట్టాలు పెట్టుకుని విన్నారు.

"కాస్త ఎక్కువగా ఉందే ఇవాళ!"

"ఎందుకుండదు?" అన్నారు అత్తగారు.

"కళ్లు మూసుకో. పావుగంట."

ఈలోగా నత్తల గదిలో ముగ్గురు మాటు వేశారు. కోడలు తలుపు వెనక. భర్త కర్టెన్ వెనక, పాదాలు మాత్రం బయటికి. స్క్రూ బల్ల కింద ఒళ్లు ముడుచుకుని. కదిలితే జేబులో స్క్రూడ్రైవర్లు గలగలమంటాయని వాటిని గుప్పిట పట్టుకున్నాడు. తెర మీద ముప్ఫై ఎనిమిదో నత్త మొదలైంది.

రెండు దాటి మూడు నిమిషాలు. తలుపు కిర్రుమంది.

మామగారు మెల్లగా లోపలికొచ్చారు. మెడలో స్టెతస్కోపు, చంకలో పొడవాటి నోటుపుస్తకం, జేబులో చిన్న టార్చి. సీసాలోంచి మందు చేతుల్లో వేసుకుని రుద్దుకున్నారు. మునివేళ్ల వెనకవైపుతో లాప్‌టాప్ మూతని తాకి, "వెచ్చగా ఉన్నావే" అన్నారు. పుస్తకంలో రాసుకున్నారు. నత్తల ప్రోగ్రామ్‌ని నొప్పి తగలకుండా పక్కకి జరిపి తెర మీదే ఇంకో కిటికీ తెరిచారు. వేలు బటన్ దగ్గరికి వెళ్లింది.

"చెయ్యి తియ్యండి!" అని స్క్రూ బల్ల కిందనుంచి గావుకేక పెట్టాడు. లేవబోయి తల బల్లకి కొట్టుకున్నాడు. స్క్రూడ్రైవర్లన్నీ నేలమీద చెల్లాచెదురయ్యాయి. భర్త కర్టెన్‌తో సహా కింద పడ్డాడు. కోడలు ఒక్క దూకు దూకి మామగారి మణికట్టు పట్టుకుంది.

వేలికీ బటన్‌కీ మధ్య వెంట్రుకవాసి.

"అయ్యో, నన్ను పట్టుకుంటారేంటి? దాని వేళ దాటిపోతోంది!" అన్నారు మామగారు.

"ఏ వేళ మామయ్యా?"

ఆయన చెయ్యి విడిపించుకోబోయారు. అప్పుడే చేతికి పట్టీతో, దాని గొట్టం నేలమీద ఈడ్చుకుంటూ అత్తగారు వచ్చారు. భర్త గుమ్మానికి అడ్డంగా నించున్నాడు. మామగారి కళ్లు మాత్రం బటన్ మీదే ఉన్నాయి. చెయ్యి రెండుసార్లు అటువైపు వెళ్లింది.

"ఈయన చేతులు ఊరుకోవు, నాకు తెలుసు," అన్నారు అత్తగారు. పట్టీ విప్పి, మొగుడి రెండు మణికట్లనీ కలిపి చుట్టి, గాలి కొట్టారు. నలభై ఏళ్లు ఊరందరి చేతులకీ ఆయన కట్టిన పట్టీ.

"నూట ఎనభై దాకా కొట్టావే, నరాలు నొక్కుకుపోతాయి!"

"నోరు విప్పితే విప్పుతాను."

"దాని పని ముందు కానివ్వండి. రోగి మంచం పక్కన రోగం గురించి మాట్లాడకూడదు."

అత్తగారు కాస్త గాలి వదిలారు, ముడి వదల్లేదు. ఆయన అలాగే కూర్చున్నారు. మూడయింది, ముప్ఫై తొమ్మిదో నత్త. నాలుగయింది, నలభయ్యోది. ఎవరూ లాప్‌టాప్‌ని ముట్టుకోలేదు, గట్టిగా తుమ్మను కూడా తుమ్మలేదు. ఐదింటికి తెర మీద 'పూర్తయింది' అని వచ్చింది. స్క్రూ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. చివరి ఫైలు దిగిన తర్వాత కోడలు నేలమీద చతికిలబడి ఏడ్చింది, నవ్వింది. "ఐదో అధ్యాయం బతికింది," అంది.

అత్తగారు పట్టీ విప్పారు. మామగారు మణికట్లు రుద్దుకుని, కోడలి ఎదురుగా నేలమీదే కూర్చున్నారు.

"నేనేనమ్మా చేసింది. నాలుగు నెలల కిందట నువ్వే చూపించావు. 'ఇక్కడ నొక్కితే దీని ఆరోగ్యం తెలుస్తుంది మామయ్యా, డెబ్బై ఒకటి ఉంది' అని నవ్వావు. నాకు నవ్వు రాలేదు. డెబ్బై ఒకటి నా వయసు. ఇది పోతే నీ నాలుగేళ్లూ పోతాయన్నావు కదా, ఒక కన్నేసి ఉంచుదామనుకున్నాను. ఊరికే అంకె చూస్తే ఏం తెలుస్తుంది? మీ అత్తయ్య గుండెని డాక్టరు పరుగెత్తించి చూశాడు. దీనికీ పక్కనే వేగం చూసే బటన్ ఉంది. నొక్కితే ఏవేవో రాసి చెరిపేస్తూ పావుగంట బ్రహ్మాండంగా పరుగెత్తేది. తీరా పరుగయ్యాక చూస్తే అంకె తగ్గేది. తగ్గిందని భయమేసి మళ్లీ పరుగెత్తించేవాణ్ణి. ఇంకా తగ్గేది. వారానికోసారి చాల్లేదు, రోజూ చూశాను. రోజూ చాల్లేదు, నువ్వు నత్తల ఆకులకి పెరట్లోకెళ్లే నాలుగు పూటలా చూశాను. నీకు చెబితే తిండి మానేస్తావని చెప్పలేదు. పరీక్ష చేసేకొద్దీ చచ్చే రోగిని నా సర్వీసులో ఎక్కడా చూడలేదమ్మా. చంపింది నేనే. పుస్తకంలో అన్నీ తేదీలతో సహా రాసి పెట్టాను, చూసుకో.

"ఎలాగూ ఒప్పుకుంటున్నాను గనక ఇంకొకటి కూడా చెప్పేస్తాను. అది పరుగెత్తే పావుగంటా ఊరికే నించోవడమెందుకని నీ నత్తల్ని చూసేవాణ్ణి. ఆ ఇరవై మూడోది నాకెందుకో నీరసంగా కనిపించింది. వచ్చినప్పుడల్లా ఈ టార్చి వేసి దాని కళ్లు చూసేవాణ్ణి. వెయ్యగానే లోపలికి లాక్కునేది, నేను ఆర్పేదాకా కదిలేది కాదు. రెండు నెలలూ రోజుకి నాలుగుసార్లు ఇదే వరస. పాపం, దానికేదో జబ్బుందమ్మా. అది నీ థీసిస్‌లో రాశావా?"