ముడి వేసిన దుప్పటి

బండిలోంచి లాగిన దుప్పటి మడతలో సూది తళుక్కుమంది. పెద్దక్క చెయ్యి వెనక్కి తీసుకుని మూలకి ముడి వెయ్యబోతుండగా మేనేజరు వచ్చి మిషన్లు ఆపమన్నాడు. ఆసుపత్రి లాండ్రీలో మిషన్లు ఆపడమంటే మాటలు కాదు. ఆమె తోడికోడలికి సూది గుచ్చుకుని రక్తం కారిన రోజు కూడా అవి ఆగలేదు. ఇవాళ ఆగాయి. ఎందుకంటే పై ఆఫీసు నుంచి నలుగురు పెద్దమనుషులు ఒక కెమెరాతో వచ్చారు.

"పెద్దక్కా, చేతులు తుడుచుకుని ఇలా రా. పాఠాలు నువ్వే చూపించాలి," అన్నాడు మేనేజరు. పక్కన టాబు పిల్ల నిలబడి ఉంది. ఎప్పుడూ ఎదురొచ్చి పలకరించే పిల్ల ఇవాళ చెప్పుల వైపు చూసుకుంటోంది.

లాండ్రీలో పదకొండుమంది ఆడవాళ్ళు. పదిహేడేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి ఆమె అందరికీ పెద్దక్కే. వార్డుల్లో డాక్టర్లూ నర్సులూ తలో దేశం వాళ్ళు, ఇంగ్లీషు తప్ప ఇంకో మాట లేదు. వీళ్ళకేమో ఆ ఇంగ్లీషే రాదు. పనికి కావలసినంత ఇంగ్లీషు టాబులో నేర్పే పాఠాలు తయారు చెయ్యమని కంపెనీ ఈ పిల్లని పంపింది. మూడు నెలలు బోర్లించిన బుట్ట మీద కూర్చుని వీళ్ళ పని చూసింది. వీళ్ళ డబ్బాల్లోంచే తలా ఒక ముద్ద తింది.

"అక్కా, పుస్తకాల ఇంగ్లీషు మీకెందుకు? రోజూ ఏ మాట రాక ఇబ్బంది పడుతున్నారో చెప్పండి. అదే నేర్పుతాను," అనేది.

ఎంత బాగా అడిగింది! పదిహేడేళ్ళలో నీకేం కావాలని అడిగిన మొదటి మనిషి. మనసు కరిగిపోదూ మరి?

పెద్దక్క చెప్పింది. ఈ దుప్పట్లో సూది ఉంది, మీ వార్డువాళ్ళే తీసుకోండి. గ్లౌజు చిరిగింది, ఇంకొకటి ఇవ్వండి. సూది గుచ్చుకుంది, ఇప్పుడే పరీక్ష చెయ్యండి. ఈ మూడూ వస్తే చాలంది. అప్పటికి తోడికోడలికి గుచ్చుకుని వారమైంది. ఆ రోజు ఆమె వేలు పట్టుకుని వార్డుకి పరుగెత్తింది కానీ ఏం జరిగిందో చెప్పలేక ఏడుస్తూ నిలబడింది. నర్సు కాస్త దూది చేతిలో పెట్టి పంపేసింది. తరవాత రెండు రోజుల కూలి పోసి బయట రక్తపరీక్ష చేయించుకుంది. మళ్ళీ మూడు నెలలకి చేయించాలట. ఏ రోగం అంటుకుందోనన్న భయంతో అంతదాకా చంటిదానికి పాలివ్వడం మానేసింది.

అంతటితో ఊరుకుందా పెద్దక్క? కడుపులో దాచుకున్న ముడి సంగతి కూడా చెప్పేసింది. సూది కనబడితే ఇక్కడెవరూ నోరెత్తరు. దుప్పటి మూలకి ముడి వేసి బల్ల కిందికి తోస్తారు. ముడి ఉన్నదాన్ని ఇంకో చెయ్యి ముట్టుకోదు. వార్డు బండి తోలే ముసలాయన సాయంత్రం వాటిని వెనక్కి పట్టుకెళ్తాడు. మర్నాడు సూది లేకుండా తిరిగొస్తాయి. రోజుకి పదో పన్నెండో అలా ఉతక్కుండా ఆగుతాయని మేనేజరుకి తెలీదు.

"పైకి పొక్కనీకు తల్లీ. సూది మాట నీ పాఠంలో చేరుస్తావనే ఇదంతా చెప్తున్నా."

"ఒట్టు అక్కా," అంది పిల్ల పెద్దక్క చేతిలో చెయ్యేసి. ఆ వారమంతా ఏవేవో మాటలు చదివించి ఆమె గొంతు రికార్డు చేసుకుంది. మీ గొంతయితే మీవాళ్ళకి ధైర్యంగా ఉంటుందంది కూడా.

ఇప్పుడు ఆ టాబు ఇస్త్రీబల్ల మీద ఉంది. గుడ్ మార్నింగ్ సర్, యస్ మేడమ్, రైట్ అవే సర్. ఆరు పాఠాలు పెద్దక్క తడబడకుండా అప్పజెప్పింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఆమెకి సిగ్గూ సంతోషమూ కలిగాయి. సూది పాఠం ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

ఏడో పాఠంలో మూల ముడి వేసిన దుప్పటి బొమ్మ వచ్చింది. దాని వెనకే ఆమె గొంతు.

"సారీ సర్. ఐ విల్ టేక్ ద నీడిల్ అవుట్ మైసెల్ఫ్."

కింద తెలుగులో అర్థం ఉంది. క్షమించండి సార్. సూది నేనే తీసేస్తాను.

పెద్దక్క తన గొంతే పట్టుకుంది. "ఈ మాట నేనెప్పుడన్నానే?"

"మీరు అనలేదక్కా. మీరు చదివినవి విని ఈ టాబే మీ గొంతు తయారు చేసుకుంటుంది. ఏది రాసిస్తే అది పలుకుతుంది," అంది పిల్ల నెమ్మదిగా. "మీరు అడిగినవన్నీ రాసిచ్చాను. పై ఆఫీసువాళ్ళు అవి వద్దన్నారు. పని ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పమన్నారు. నా ఉద్యోగం..."

"ముడి సంగతి చెప్పావు."

పెద్దక్కకి ఒళ్ళు భగ్గుమంది. కొట్టిన మేనేజర్లని చూసింది, తిట్టినవాళ్ళని చూసింది. ఎవరూ ఇంత మోసం చెయ్యలేదు. అక్కా అంటూ పక్కన కూర్చుని, అన్నం తిని, ఆఖరికి గొంతు కూడా పట్టుకుపోయింది!

"రేపట్నుంచి ముడుల్లేవు," అన్నాడు మేనేజరు నవ్వు మొహంతోనే. "ఏడో పాఠం రానివాళ్ళకి షిఫ్టు లేదు. ఊఁ, చెప్పు. కెమెరా నడుస్తోంది."

టాబు మీద మైకు గుర్తు వెలుగుతూ ఆరుతూ ఉంది. బండి దగ్గర తోడికోడలు పాలకి తడిసిన రవిక మీద కొంగు అదుముకుని పెద్దక్క వంకే చూస్తోంది.

పెద్దక్క తిరిగి బండి దగ్గరికి నడిచింది. ఇందాకటి దుప్పటి మూల పట్టుకుని ముడి వేసింది. గట్టిగా బిగించి, రెండు చేతులా తెచ్చి మేనేజరు ముందు, టాబు పక్కన పెట్టింది.

"ఇందులో సూదుంది. నేను తియ్యను. మావాళ్ళెవరూ తియ్యరు."

దీన్ని ఇంగ్లీషులో ఎలా అనాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన కనుబొమలు ఎగరేసి, ఈమె ఏమంటోందని టాబు పిల్లని ఇంగ్లీషులో అడిగాడు. పిల్ల ముడి వంక చూసింది, పెద్దక్క వంక చూసింది. పెదవులు కదిలాయి.

సరైన జవాబు వినబడక టాబు మళ్ళీ మొదలెట్టింది.

"సారీ సర్," అంది, పెద్దక్క గొంతుతో.